అర అంగుళం వాలు

1993 ఆగస్టులో మా రోడ్డు వెంట గ్యాసు గొట్టం వేశారు. అదే నెల చివరి శనివారం అమ్మ పెట్టె సర్దుకుని సడ్బరీలో ఉన్న ఐలీ పిన్ని దగ్గరికి వెళ్లిపోయింది. ఈ రెంటికీ సంబంధం ఉంది.

మా నాన్న రేయినో లాహ్తెలా రేకుపనివాడు. మా ఊరు థండర్ బేకి వలస వచ్చిన మా ఫిన్‌లాండ్ వాళ్ల ఇళ్లలో సగానికి పైగా వేడిగాలి గొట్టాలు ఆయన చేతి మీదుగా పడినవే. మా ఇంట్లో మాత్రం హాలు నడుమ ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ పొయ్యి ఉండేది. నేను పుట్టకముందు పెట్టింది. అక్టోబరు నుంచి మే దాకా దాని వాసన పరుపుల్లో, కోట్లలో, చివరికి రొట్టెలో కూడా తగిలేది. అమ్మకు ఉబ్బసం. ఆ పొయ్యి తీసేయమని డాక్టరు చెప్పి పదకొండేళ్లయింది. పదకొండేళ్లూ నాన్న వచ్చే ఏడు చూద్దామన్నాడు.

ఆయన చెప్పే కారణం బండ. మా ఇల్లు బండ మీద కట్టారు. నేలమాళిగ లేదు. నేలను మోసే దూలాలకూ కింది బండకూ మధ్య ఒక చోట మూడడుగులు, ఇంకో చోట రెండడుగుల ఖాళీ. పొయ్యి బదులు ఇంటికంతా వేడిగాలి పంపే ఫర్నేసు పెట్టాలంటే అది నిలబడాలి, నిలబడాలంటే ఐదడుగులు కావాలి. అక్కడితో ఆయన లెక్క అయిపోయేది.

బస్సు దగ్గర అమ్మ చెప్పింది కొంచెమే.

"గ్యాసు గుమ్మం దాకా వచ్చింది, రేయినో. ఇంక వచ్చే ఏడు లేదు. ఆ పొయ్యి ఉన్న ఇంట్లో నేను ఉండను. అది పోయాక ఫోన్ చెయ్యి."

నాన్న కాసేపు టైర్ల వైపు చూశాడు.

"దారిలో తినడానికేమైనా పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

బస్సు వెళ్లిపోయింది. ఇంటికి వస్తూ నాన్న దారంతా ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఇళ్లలో దాన్ని మౌనం అనరు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఆ మార్చిలోనే గ్యాసు పని లైసెన్సు చేతికొచ్చింది. నాన్నకు ఆయిల్ లైసెన్సు ఉంది గానీ గ్యాసుది లేదు. గ్యాసు గొట్టానికి ఒక చీటీ వేలాడుతుంది. దాని మీద లైసెన్సు ఉన్నవాళ్ల పేరు, నంబరు ఉండాలి. అంటే మా ఇంట్లో ఫర్నేసు పెడితే నాన్న నా కింద పనిచెయ్యాలి. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. ఆ పని పక్కింటి ఆర్వో చేశాడు. ఆర్వో అడవిలో చెట్లు కొట్టే పని చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే కాఫీకి మా ఇంటికి వస్తాడు. నలభై ఏళ్లుగా వస్తున్నాడు, ఒక్కసారీ ఎవరూ పిలవలేదు.

"ఏం రేయినో, ఇప్పుడు మేస్త్రీ ఎవరు?" అన్నాడు. "పిల్లా, మీ నాన్నకి మధ్యాహ్నం అన్నానికి టైమిస్తావా, లేక నిలబడే తినమంటావా?"

"కూర్చోనిస్తా. నిన్ను మాత్రం లేపుతా," అన్నాను.

నాన్న నవ్వలేదు. పంచదార ముక్క పళ్ల మధ్య పెట్టుకుని కాఫీ పీల్చాడు.

సెప్టెంబరు మొదట్లో ఆయన ముందు ఒక పుస్తకం పెట్టాను. అందులో ఉన్న ఫర్నేసును నిలబెట్టక్కర్లేదు. ఒక పక్కకు పడుకోబెట్టి దూలాల నుంచి వేలాడదీయొచ్చు. పొగలోంచి వేడిని ఎంతగా పిండుకుంటుందంటే, పొగలోని ఆవిరి చల్లబడి నీరై కిందికి కారుతుంది. మిగిలిన గాలిని బయటికి పంపడానికి ఇటుక పొగగొట్టం కూడా అక్కర్లేదు, ప్లాస్టిక్ గొట్టం చాలు.

"పడుకున్న ఫర్నేసు నేనూ చూశాను," అన్నాడు నాన్న. "కాలిపోయిన ఇంట్లో."

"పడుకుని చేసే పనైతే నాకివ్వండి," అన్నాడు ఆర్వో. "నాకు అనుభవం ఉంది."

నాన్న పుస్తకం తెరవలేదు. పొడవెంత, వెడల్పెంత, బరువెంత అని మాత్రం అడిగాడు. చెప్పాను. లేచి టార్చి తీసుకుని ఇంటి కిందికి పాకాడు. గంట తర్వాత మోచేతులు దోక్కుపోయి బయటికి వచ్చాడు. పడుతుందన్నాడు.

పుస్తకం నేను రెండుసార్లు చదివాను. పద్నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. పడుకోబెట్టినప్పుడు ఫర్నేసు ముందువైపు అర అంగుళం కిందికి వాలి ఉండాలి, లోపల పుట్టిన నీరు బయటికి దారి పట్టడానికి.

ప్రతి ఆదివారం అమ్మ ఫోన్ చేసేది. ముందు వాతావరణం అడిగేది, తర్వాత ఆర్వో మోకాలి సంగతి. చివర్లో, పొయ్యి ఉందా? ఉంది అనేదాన్ని. సరే అని పెట్టేసేది. సెప్టెంబరు చివరి ఆదివారం నాన్న నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, రేపు తీసేస్తున్నానన్నాడు. కొత్తది ఇంకా రాలేదు. రాత్రుళ్లు సున్నాకు దిగుతోంది. ఆయన అన్నట్టే సోమవారం పొద్దున ఆయిల్ రాకుండా కట్టేసి, పొగగొట్టం విప్పి, ఆర్వోతో కలిసి పొయ్యిని మోసుకెళ్లి ఆర్వో కొట్టంలో పెట్టాడు. హాల్లో దాని కాళ్లు ఉన్న చోట నేల మీద పరిచిన లినోలియం పచ్చగా, కొత్తగా ఉంది. మిగతా నేలంతా ఎప్పుడో తెల్లబోయింది.

తర్వాత పదిహేడు రోజులు ఇంట్లో వేడి లేదు. కోట్లు వేసుకుని తిన్నాం. ఆ రోజులు ఎందుకో నాకు బాగా గుర్తుండిపోయాయి. పెరట్లో మా సౌనా గది, కట్టెల పొయ్యితో ఆవిరి పట్టే గది, అదొక్కటే వెచ్చగా ఉండేది. శనివారం మాత్రమే వెలిగించేది కాస్తా వారంలో నాలుగు రోజులు వెలిగింది. నాన్న ముందు వెళ్లేవాడు, తర్వాత నేను. నేను లోపలుండగా ఆయన బయట మెట్టు మీద తువ్వాలు కప్పుకుని చల్లారుతూ కూర్చునేవాడు. తలుపుకు అటూ ఇటూ ఉండి పని మాట్లాడుకునేవాళ్లం. ఏ గదికి ఎన్ని గొట్టాలు, ఎక్కడ మలుపు. ఎదురెదురుగా కూర్చుంటే నాన్న అంత మాట్లాడేవాడు కాదు.

ఫర్నేసు అక్టోబరు ఎనిమిదిన వచ్చింది. ఇంటి వెనక సరస్సు ఉన్న వైపు గోడ అడుగున పలకలు కోసి దారి చేశాం. ఆర్వో మంచు మీద కట్టెలు లాగే చక్రాల్లేని స్లెడ్డు మీద దాన్ని పడుకోబెట్టి, బండ మీద తడి అట్టలు పరిచి, ఇద్దరం ముందు నుంచి లాగాం, ఆర్వో వెనక నుంచి తోశాడు. అతని తోపు కంటే మాటలే ఎక్కువ. శవపేటికను ఇంట్లోంచి బయటికి లాగడం చూశాను గానీ లోపలికి లాగడం ఇదే మొదటిసారి అన్నాడు.

మర్నాడు శనివారం, వాన. దూలాలకు ఆరు మరల కడ్డీలు దింపి, వాటి మధ్య ఇనుప పట్టీలు బిగించి, ఫర్నేసును వాటి మీదికి ఎక్కించాం. నాన్నకు అరవై మూడేళ్లు. బండ మీద వెల్లకిలా పడుకుని ఒక్కో నట్టూ బిగిస్తున్నాడు. తుప్పు కళ్లలో రాలుతోంది. ఫర్నేసు మీద, మట్టం చూసే ఆయన రసమట్టం ఉంది. తాత ఫిన్‌లాండ్‌లో వాడినది, రెండు కొసలా ఇత్తడి. దాని గాజులోని బుడగ రెండు గీతల నడుమే ఉండాలి, ఏ గీతనూ తాకకూడదు. నాన్న పనిలో అదొక్కటే నియమం అన్నట్టు ఉండేది. ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా ముందు గొట్టాల మట్టం చూసేవాడు. తాకినట్టు కనిపిస్తే ఆ ఇంటివాళ్ల కాఫీ కూడా నచ్చేది కాదు.

"ఇర్యా, బుడగ ఎక్కడుంది?"

నేను ముందువైపు, ఆయన మొహానికి అడుగు దూరంలో పడుకుని ఉన్నాను.

"వెనక్కి జరిగింది."

సగం మర తిప్పాడు.

"ఇప్పుడు?"

"నడుమ."

"గీత తాకుతోందా?"

"లేదు."

నవ్వాడు. అమ్మ వెళ్లాక అదే మొదటిసారి. పద్నాలుగో పేజీ అప్పుడు నాకు గుర్తుంది. ఆ వాక్యం పేజీలో ఏ మూల ఉందో కూడా గుర్తుంది. అర అంగుళమే కదా అనుకున్నాను. నీటికి దారి ఎవరూ చెప్పక్కర్లేదు, అదే పోతుందిలే అనుకున్నాను. ఇంకొకరి ఇంట్లో అయితే అలా అనుకునేదాన్ని కాదు.

నాన్న చెవి మీది పెన్సిల్ తీశాడు. రేకుపనివాళ్లకు ఒక అలవాటుంది. పని అయ్యాక ఎవరూ చూడని చోట తేదీ, ఆనాటి వాతావరణం, చేసినవాళ్ల పేర్లు రాస్తారు. ఇంకో ముప్ఫై ఏళ్లకు దాన్ని విప్పేవాడి కోసం. నాన్న తేదీ రాయకుండా ఏ పనీ వదల్లేదు. ముందురోజు పనికి మర్నాటి తేదీ వేసిందీ లేదు. దూలం మీద రాస్తూ పైకి చదివాడు:

"అక్టోబరు తొమ్మిది. వాన, ప్లస్ నాలుగు. రేయినో, ఇర్యా. బుడగ నడుమ."

గురువారం గ్యాసు కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. గొట్టాల్లో గాలి నింపి కారడం లేదని చూసుకున్నాడు. టార్చి వేసి ఫర్నేసును చూశాడు. ఈ ఏడాది ఇంత మట్టంగా ఉన్నది చూడలేదని నాతోనే అన్నాడు. నేను చీటీ మీద సంతకం చేశాను. ఐ. లాహ్తెలా, కింద నంబరు.

ఆ ఆదివారం అమ్మ వచ్చింది. హాల్లో నిలబడి ముక్కుతో గాలి పీల్చింది. పచ్చటి లినోలియం చతురస్రాన్ని చూసి, వెళ్లి గుడ్డ పీలికలతో తనే నేసిన చాప తెచ్చి దాని మీద పరిచింది. పెట్టె బీరువా మీద పెట్టింది. ఆ సాయంత్రం నాన్నా నేనూ ఇంటి కింద గోడకు పలకలు వేస్తుంటే నేల మీద మడమతో రెండుసార్లు కొట్టిన చప్పుడైంది. కాఫీ అయినప్పుడు అమ్మ ఎప్పుడూ అలాగే పిలిచేది. నాన్న సుత్తి ఆపి కాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు.

ఐదు వారాలు ఇల్లు వెచ్చగా ఉంది. అమ్మ దగ్గు తగ్గింది. వంటింట్లో యాలకుల రొట్టె యాలకుల వాసనే వేసేది. నాన్న లేచినవెంటనే వంగి గాలి వచ్చే జాలీ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, జ్వరం చూసినట్టు.

నవంబరు చివర్లో మైనస్ ఇరవై నాలుగుకు దిగింది. ముందు అమ్మే విన్నది.

"కింద ఎవరో పుక్కిలిస్తున్నారు," అంది.

మర్నాడు ఫర్నేసు ఆగింది. మళ్లీ వెలిగించాను. గంట నడిచి ఆగింది. కిందికి దిగి నీటి గొట్టం విప్పి ఊదాను, దాని మలుపు కడిగాను, బయట ప్లాస్టిక్ గొట్టం మూతిని మంచు మూసిందేమో చూశాను. మూయలేదు. మూడు గంటలు నడిచింది, మళ్లీ ఆగింది. నాన్న తన రేకు అతుకులన్నీ తడిమి చూశాడు. వాటిలో తప్పు లేదు. తప్పు ఎక్కడుందో శుక్రవారం సాయంత్రానికి నాకు తెలిసింది. చెప్పాలనుకుని చెప్పకుండానే తెల్లవారింది.

శనివారం పొద్దున ఇంట్లో పదకొండు డిగ్రీలు. నలుగురం కోట్లతో బల్ల దగ్గర కూర్చున్నాం. అమ్మ ఉబ్బసం మందు గొట్టం రెండుసార్లు పీల్చింది. ఆర్వో కప్పులో చూస్తూ అన్నాడు:

"నీ పొయ్యి నా కొట్టంలోనే ఉంది, రేయినో. స్లెడ్డు మీద పది నిమిషాల పని."

నాన్న అమ్మ వైపు చూడలేదు.

"వసంతం దాకానే," అన్నాడు.

అమ్మ లేచింది. కప్పు కడిగి బోర్లించింది. పడగ్గదిలోకి వెళ్లింది. బీరువా దగ్గరికి కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత పెట్టె పిడి చప్పుడు.

"పొయ్యి తేవద్దు," అన్నాను. "ఫర్నేసు మట్టంగా ఉంది. అదే తప్పు."

ఆర్వో కప్పు దించాడు.

"మట్టంగా ఉండటం తప్పా?" అన్నాడు నాన్న.

"నీరు లోపలే నిలిచిపోతోంది. ముందువైపు అర అంగుళం దిగాలి. పుస్తకంలో ఉంది, పద్నాలుగో పేజీ."

"ఎప్పుడు చదివావు?"

"సెప్టెంబరులో."

"అయితే వేలాడదీసిన రోజు నీకు తెలుసు."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"బుడగ నడుమ ఉంది. నువ్వు నవ్వావు."

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. అద్దం మీద మంచు కట్టి ఉంది, చూడటానికి ఏమీ లేదు.

"చీటీ మీద పేరెవరిది?"

"నాది."

"మరి నేను నవ్వితే ఏంటి, ఏడిస్తే ఏంటి?"

అంతకు మించి ఆయన నన్ను ఏమీ అనలేదు, ఆ రోజూ, తర్వాతా. లేచి స్పానర్లు జేబులో వేసుకున్నాడు. పడగ్గది తలుపు దగ్గర ఆగాడు.

"సైమీ, ఒక గంట."

లోపల చప్పుడు ఆగింది.

ఇంటి కింద మా ఊపిరి కళ్ల ముందే మంచైంది. నాన్న మళ్లీ అదే చోట వెల్లకిలా పడుకున్నాడు. రసమట్టం నాకిచ్చాడు. ముందువైపు నట్లు తనే వదులు చేశాడు.

"ఎంత?"

"ఇంకా."

రెండు మరలు తిప్పాడు.

"ఎంత?"

"ఇంకా కొంచెం."

బుడగ గీత దాటి వెనక్కి పోయింది. ఆయన మొహం అవతలికి తిప్పుకున్నాడు. నలభై ఏళ్లలో ఆయన చేత్తో బుడగను గీత దాటించడం అదే మొదలు.

"చాలు," అన్నాను.

ఫర్నేసు లోపల ఏదో జారినట్టయింది. తర్వాత నీరు. గొట్టంలోంచి గడగడా దిగింది, కింద ఉన్న చిన్న పంపు తనంతట తనే మోగి దాన్ని తోడి బయటికి పోసింది. రెండు లీటర్లుంటుంది. ప్లాస్టిక్ గొట్టాల వాలు మళ్లీ చూసుకుని స్విచ్చి వేశాను. లోపల మంట అంటుకున్న చప్పుడు విన్నాం. ఆగుతుందేమోనని ఇద్దరం పావుగంట కదలకుండా పడుకున్నాం. ఆగలేదు.

"నువ్వు పైకి వెళ్లు," అన్నాడు నాన్న. "నేను వస్తా."

పాకుతూ వెళ్తుంటే వెనక కత్తితో కర్ర గీస్తున్న చప్పుడైంది. కర్ర ఏదో గొట్టానికి అడ్డమొచ్చి చెక్కుతున్నాడనుకున్నాను.

పైన అమ్మ మంచం మీద కోటుతో కూర్చుని ఉంది. పెట్టె పక్కన తెరిచి ఉంది, అందులో రెండు స్వెట్టర్లు, మందు. ఆమె ఒక చెప్పు విడిచి పాదం జాలీ మీద పెట్టింది. చాలాసేపు ఉంచింది. ఆ తర్వాత అదే పాదంతో నేల మీద రెండుసార్లు కొట్టింది.

ఆ పెట్టె క్రిస్మస్ లోపల ఆర్వో దగ్గరికి వెళ్లింది. అతను అందులో చేపల వలలు పెట్టుకున్నాడు. తాళం పనిచేయట్లేదని ఒకసారి ఫిర్యాదు చేస్తే అమ్మ, వలలు ఎక్కడికీ పారిపోవులే అంది.

నాన్న తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు పనిచేశాడు, నాతోనే. ఏ ఇంట్లోనైనా నట్టు చివరి బిగింపుకు ముందు ఆగి, ఎంత అని అడిగేవాడు. పుస్తకాలు అప్పటికీ తెరవలేదు గానీ, కొత్త యంత్రం పెట్టె విప్పగానే, పద్నాలుగో పేజీ చూశావా అనేవాడు. నాలుగు పేజీల పుస్తకమైనా అలాగే అడిగేవాడు. 2009లో పోయాడు.

ఆ ఫర్నేసు ఇరవై నాలుగేళ్లు నడిచింది. 2017 సెప్టెంబరులో నేనే దాన్ని దించాను. నాకు యాభై ఏళ్లు, మోచేతుల కింద అట్టముక్కలు పెట్టుకున్నాను. ఫర్నేసు దించాక దాని పైనున్న దూలం కనిపించింది. అరచెయ్యంత మేర కర్రను కత్తితో నున్నగా గీకి, అక్కడ మళ్లీ పెన్సిల్‌తో రాసి ఉంది. నాన్న చేతిరాత, మా భాషలో.

"అక్టోబరు తొమ్మిది. వాన, ప్లస్ నాలుగు. రేయినో, ఇర్యా. ముందువైపు అర అంగుళం వాలు. ఇర్యా చెప్పింది."

టార్చి పెట్టి రెండుసార్లు చదివాను. ఆ వాలు పెట్టింది నవంబరు చివర్లో. ఆయన రాసిన తేదీల్లో తప్పు తేదీ అదొక్కటే.

కొత్తది కూడా అక్కడే, అంతే వాలుతో వేలాడదీశాను. ఆ రాత పక్కన నా తేదీ రాస్తుండగా పైనుంచి నేల మీద రెండుసార్లు చప్పుడైంది. ఇప్పుడు అమ్మ మడమతో కాదు, చేతికర్రతో కొడుతుంది. కాఫీ అయింది.